పీటర్కా కూడా వెళ్లిపోయాడు. ఇప్పుడు టక్ సంగతేంటి?

నీలి_కత్తి | 2025 జూలై 18

మన బఫెలో సేబర్స్ ఐస్ హాకీ జట్టుతో డిఫెన్స్‌మన్ బైరమ్ సంతకం అయిపోయింది. రెండేళ్లు, ఏడాదికి 6.25 మిలియన్ డాలర్లు. ఆర్బిట్రేషన్ (జీతాన్ని మధ్యవర్తి తేల్చడం) దాకా పోకుండా తేలిందని అందరూ హమ్మయ్య అనుకుంటున్నారు. నాకైతే ఆ రెండేళ్ల దగ్గరే దిగులు పట్టుకుంది. 2027 వేసవి వస్తే అతను ఎవరి అనుమతీ లేకుండా ఏ జట్టుకైనా వెళ్లిపోవచ్చు.

ఈ వేసవి మామూలుగా గడవలేదు. జూన్ 17న ఫ్లోరిడా వరుసగా రెండోసారి లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిచింది. ఆ రాత్రి సామ్ రైన్‌హార్ట్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. అది జరిగి పది రోజులు కూడా కాకముందే మన జేజే పీటర్కాను యూటాకు ఇచ్చేశారు. 23 ఏళ్ల కుర్రాడు, పోయిన సీజన్‌లో 27 గోల్స్, అసిస్ట్‌లతో కలిపి 68 పాయింట్లు. బదులుగా మైకేల్ కెసెల్రింగ్, జాష్ డోన్ వచ్చారు.

ఈ ట్రేడ్ మంచిదా చెడ్డదా అని అడగడానికి ఈ చర్చ పెట్టలేదు. మనం ప్రతిసారీ ఒక్కో ట్రేడ్‌నే పట్టుకుని మార్కులు వేస్తాం. వరుసగా పెట్టి చూడమని అడుగుతున్నాను. 2018లో ఓరైలీ. 2021లో రిస్టోలైనెన్, రైన్‌హార్ట్, ఐకెల్, అదే ఏడాది హాల్, మాంటూర్. 2024లో మిట్టెల్‌స్టాట్. 2025 మార్చిలో కజన్స్, జూన్‌లో పీటర్కా. వీటిలో ఎక్కువ భాగం ఆటగాడికి మనసు విరిగాక, లేదా కాంట్రాక్ట్ గడువు మెడ మీదకొచ్చాక జరిగినవే. మనం అమ్మక తప్పదని లీగ్‌లోని మిగతా 31 జట్లకూ తెలిసిపోయాక అమ్ముతున్నాం. అలా అమ్మితే చేతికొచ్చేవి డ్రాఫ్ట్ పిక్స్ (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతులు), కుర్రాళ్లు. ఆ కుర్రాళ్లు ఎదగడానికి నాలుగేళ్లు పడుతుంది. ఆలోపు జట్టు ఓడిపోతూనే ఉంటుంది కాబట్టి, ఎదిగాక వాళ్లూ వెళ్లిపోతామంటారు. పద్నాలుగు సీజన్లు ప్లేఆఫ్స్ లేకుండా గడిచాయి. లీగ్ చరిత్రలో ఇంతకాలం బయట ఉన్న జట్టు ఇంకొకటి లేదు.

వచ్చే వేసవికి అలెక్స్ టక్ కాంట్రాక్ట్ అయిపోతుంది. జూలై 1 నుంచి అతనితో పొడిగింపు మాట్లాడుకునే వీలుంది. ఇప్పుడే సంతకం పెట్టించాలి. సీజన్ మొదలయ్యాక చూద్దాం అనుకుంటే ఈ వరుసలో తర్వాతి పేరు అతనిదే.

---

బ్లూలైన్ | 2025 జూలై 18

టక్ విషయంలో మీ మాటే నా మాట. పీటర్కా ట్రేడ్‌ను ఆ వరుసలో కలపడం మాత్రం నాకు నచ్చలేదు.

మన డిఫెన్స్ చూడండి. డాలీన్, పవర్, బైరమ్, శామ్యుయెల్సన్ నలుగురూ ఎడమచేతి వాటమే. కుడి వైపు ఆడే ఎడమచేతి డిఫెన్స్‌మన్‌కు బోర్డు పక్కన పక్ (హాకీ బిళ్ల) అందుకోవాలంటే ప్రతిసారీ బ్యాక్‌హ్యాండ్ తిప్పాలి. అర సెకను పోతుంది. ఆ అర సెకనులో ఎదుటి జట్టు ఫోర్‌చెక్ (మన వైపే వచ్చి అడ్డగించడం) మీద పడిపోతుంది. పోయిన సీజన్‌లో గోల్స్ కొట్టడంలో లీగ్ పై వరుసల్లో ఉన్నాం, గోల్స్ ఇచ్చేయడంలో అట్టడుగున ఉన్నాం. పట్టికలో 79 పాయింట్లతో ముగించింది గోల్స్ కొట్టలేక కాదు. కెసెల్రింగ్ కుడిచేతి వాటం, ఆరడుగులు దాటిన మనిషి. డోన్ పక్ కోసం మూలల్లో కొట్లాడతాడు. వాళ్ల నాన్న షేన్ డోన్ కొయోటీస్ జట్టుకు ఏళ్ల తరబడి కెప్టెన్. ఆ ఆట కొడుక్కీ వచ్చింది.

ఇంకోటి, ఈసారి తీసుకున్నది పిక్స్ కాదు. ఇద్దరూ అక్టోబర్‌లో మొదటి మ్యాచ్‌కే దిగుతారు. పాత సంగతులన్నీ ఎందుకు, మక్లౌడ్ సంగతే తీసుకోండి. పోయిన వేసవిలో మాట్ సవోయ్‌ను ఎడ్మంటన్‌కు ఇచ్చి ర్యాన్ మక్లౌడ్‌ను తెచ్చారు. తొమ్మిదో నంబర్ పిక్‌ను ఇచ్చేశారని అప్పుడు అందరూ తిట్టారు. మక్లౌడ్ 20 గోల్స్, 53 పాయింట్లు చేశాడు, పెనాల్టీ కిల్‌లో (పెనాల్టీ వల్ల మనకు ఆటగాళ్లు తగ్గినప్పుడు) నమ్మకంగా నిలబడ్డాడు. కుర్రాడిని ఇచ్చి ఆడగలిగేవాడిని తెచ్చుకోవడం మన దగ్గర అరుదుగా జరిగింది. జరిగినప్పుడు ఒప్పుకోవాలి.

---

కొత్త_అభిమాని | 2025 జూలై 18

నేను రెండు సీజన్ల నుంచే చూస్తున్నాను, తెలియక అడుగుతున్నాను. పీటర్కా 'రిస్ట్రిక్టెడ్' ఫ్రీ ఏజెంట్ కదా? అంటే హక్కులు మన దగ్గరే ఉన్నట్టు కదా? ఉండనని అన్నంత మాత్రాన ఎందుకు ఇచ్చేయాలి?

---

బ్లూలైన్ | 2025 జూలై 18

మంచి ప్రశ్నండి. హక్కులు మనవే, కానీ అవి పూర్తి హక్కులు కావు. వేరే జట్టు అతనికి ఆఫర్ షీట్ ఇవ్వొచ్చు. అతను దాని మీద సంతకం పెడితే మనకు ఏడు రోజుల గడువు ఉంటుంది. ఆలోపు అదే మొత్తం మనం ఇవ్వాలి, లేదంటే లీగ్ లెక్క ప్రకారం పిక్స్ తీసుకుని వదులుకోవాలి. పోయిన ఆగస్టులో సెయింట్ లూయిస్ ఇలాగే ఎడ్మంటన్ నుంచి బ్రోబర్గ్, హాలోవే ఇద్దరినీ ఒకేసారి తీసుకుపోయింది. ఎడ్మంటన్ అదే మొత్తం ఇవ్వలేదు. దాంతో జనరల్ మేనేజర్లందరికీ భయం పట్టుకుంది.

ఇంకో సమస్య, ఆటగాడు ఒకట్రెండేళ్ల కాంట్రాక్టులకే ఒప్పుకుంటూ పోవచ్చు. గడువు తీరితే ఉచితంగా వెళ్లిపోతాడు. యూటా పీటర్కాకు ఐదేళ్లు, ఏడాదికి 7.7 మిలియన్లు ఇచ్చింది. ఆ డబ్బు మన దగ్గరా ఉంది. వచ్చే సీజన్‌కు క్యాప్ (జట్టు మొత్తం జీతాల పరిమితి) 88 నుంచి 95.5 మిలియన్లకు పెరిగింది. డబ్బు ఒక్కటే సమస్య అయితే ఇంత దూరం వచ్చేది కాదు.

---

నీలి_కత్తి | 2025 జూలై 18

> ఒకట్రెండేళ్ల కాంట్రాక్టులకే ఒప్పుకుంటూ పోవచ్చు

రైన్‌హార్ట్ కథ అక్షరాలా ఇదే. 2018లో రెండేళ్లు, ఏడాదికి 3.65 మిలియన్లు. 2020లో ఒక్క ఏడాది, 5.2 మిలియన్లు. రెండుసార్లూ మన మేనేజ్‌మెంట్ 'ఇంకాస్త చూద్దాం' అనుకుంది. 2021 వచ్చేసరికి అతను ఉచితంగా వెళ్లిపోవడానికి ఇంకో ఏడాదే మిగిలింది, అతనికి చూడాల్సింది ఇంకేమీ లేదు. డెవాన్ లీవై హక్కులు, ఒక మొదటి రౌండ్ పిక్ తీసుకుని పంపేశాం. ఆ పిక్‌తో వచ్చిన కులిచ్ మంచి ఆటగాడే, పోయిన సీజన్‌లో 15 గోల్స్ చేశాడు. అటువైపు రైన్‌హార్ట్ 2023-24లో 57 గోల్స్ చేసి, ఫైనల్ ఏడో మ్యాచ్‌లో గెలుపు గోల్ కొట్టి, ఈ ఏడాది మళ్లీ కప్పు ఎత్తాడు.

బైరమ్‌ది రెండేళ్లు అని విన్నప్పుడు నాకు భయం వేసింది అందుకే.

---

హాషెక్39 | 2025 జూలై 19

బాబూ, మీరంతా 2018 నుంచి మొదలుపెడుతున్నారు. ఈ జబ్బు అంతకంటే పాతది.

1992లో డొమినిక్ హాషెక్‌ను షికాగో నుంచి తెచ్చుకున్నాం. ఇచ్చింది స్టెఫాన్ బోరెగార్డ్ అనే గోలీ (గోల్‌కీపర్), పైన ఒక డ్రాఫ్ట్ పిక్. షికాగోలో బెల్‌ఫోర్ ఉండేవాడు కాబట్టి హాషెక్ అక్కడ బెంచీ మీద కూర్చునేవాడు. ఎవరికీ అక్కర్లేని గోలీని మన వాళ్లు గుర్తుపట్టారు. ఆరు వెజినాలు (ఉత్తమ గోలీ ట్రోఫీలు), రెండు హార్ట్ ట్రోఫీలు (అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చేవి), 1999 ఫైనల్. 2003లో డానియల్ బ్రియేర్‌ను ఫీనిక్స్ నుంచి తెచ్చారు, ఇచ్చింది క్రిస్ గ్రాటన్‌ను. అది కూడా అలాంటి కొనుగోలే. ఎదుటివాడి జట్టులో ఎవరు నలిగిపోతున్నారో మన స్కౌట్లు పట్టుకునేవాళ్లు.

తర్వాత ఏమైంది? 2001లో హాషెక్ కప్పు కావాలని డెట్రాయిట్ వెళ్లాడు, మరుసటి ఏడాదే గెలిచాడు. 2006-07లో లీగ్ మొత్తంలో మొదటి స్థానం మనది. 2007 జూలై 1న, ఒకే రోజున, డ్రూరీ న్యూయార్క్ రేంజర్స్‌కు, బ్రియేర్ ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయారు. ఇద్దరూ కెప్టెన్లు. బదులుగా ఒక్క పిక్ కూడా రాలేదు. ఆ రోజు ఎంత బాధపడ్డామో ఇప్పుడు చూస్తున్న పిల్లలకు చెప్పినా తెలియదు. సీజన్ మధ్యలో మాట్లాడి తేల్చుకోవాల్సిన పని తేల్చలేదు.

నీలి_కత్తి చెప్పినదాంట్లో నాకు పూర్తిగా నచ్చింది అదే: వేళకు మాట్లాడటం. టక్ పేరు వింటే నాకు బ్రియేరే గుర్తొస్తున్నాడు.

---

మూడో_లైన్ | 2025 జూలై 19

అందరూ 'ముందే సంతకం పెట్టించాలి' అంటున్నారు. ముందే పెట్టించిన వాళ్ల సంగతి చూద్దామా?

జెఫ్ స్కిన్నర్: 2019లో ఎనిమిదేళ్లు, 72 మిలియన్లు. ఐదేళ్లకే బైఅవుట్ (మిగిలిన జీతంలో కొంత కట్టి వదిలించుకోవడం). ఆ భారం 2030 దాకా మన క్యాప్ మీద ఉంటుంది. ఒక్క 2025-26 సీజన్‌కే 4.44 మిలియన్లు, ఆ పై ఏడాది 6.44. మంచు మీద లేని మనిషికి.

డిలన్ కజన్స్: 31 గోల్స్ చేసిన సీజన్‌లోనే ఏడేళ్లు, ఏడాదికి 7.1 మిలియన్లు. రెండేళ్లకే ఒట్టావాకు.

ఐకెల్: ఎనిమిదేళ్లు, ఏడాదికి పది మిలియన్లు. ఓరైలీకి కూడా పొడవాటి కాంట్రాక్టే.

మరి పొడవు కాంట్రాక్ట్ ఎవరిని ఆపింది? గెలిచే జట్టులో చిన్న కాంట్రాక్ట్ ఉన్నవాడూ ఉండాలనుకుంటాడు. ఓడే జట్టులో ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్ ఉన్నవాడూ పొమ్మనే దాకా ముఖం వేలాడేసుకుంటాడు. 2021లో వరుసగా పద్దెనిమిది మ్యాచ్‌ల్లో గెలుపు లేదు. పోయిన సీజన్‌లో మళ్లీ పదమూడు. ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్నవాడికి మీరు ఏ కాగితం చూపించినా ఏం లాభం?

టక్‌కు 29 దాటాయి. కొత్త కాంట్రాక్ట్ మొదలయ్యేసరికి 30. ఎనిమిదేళ్లు ఇస్తే 38 దాకా. స్కిన్నర్ సంతకం పెట్టినప్పుడు అతనికి 27 ఏళ్లే.

---

నీలి_కత్తి | 2025 జూలై 19

మూడో_లైన్ అన్నా, ఈ జాబితా బలమైనదే. కాకపోతే అందులో అందరినీ ఒకే గాటన కట్టకూడదు.

ఐకెల్ వెళ్లింది ఓటములతో విసిగి మాత్రమే కాదు. మెడలో డిస్క్ జారింది. తనకు కృత్రిమ డిస్క్ పెట్టించుకోవాలని ఉంది, జట్టు వైద్యులు ఎముకలు కలిపే ఫ్యూజన్ చేయించుకోమన్నారు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ ఉన్న ఒప్పందం ప్రకారం చివరి మాట జట్టుదే. నెలల తరబడి అలాగే నడిచింది. సెప్టెంబర్‌లో కెప్టెన్సీ తీసేశారు, నవంబర్‌లో వేగస్‌కు పంపారు. అక్కడ అతను కోరుకున్న ఆపరేషనే చేయించుకున్నాడు, 2023లో కప్పు గెలిచాడు. ఒక మనిషి తన శరీరం గురించి చెప్పిన మాట వినకపోతే ఎంత పొడవు కాంట్రాక్ట్ ఉన్నా నిలవదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఆ విషయంలోనే. గోల్స్ పోయినందుకు కాదు.

ఓరైలీ అయితే ఆ సీజన్ చివర అందరి ముందూ నిజం చెప్పాడు. ఓడిపోయి ఓడిపోయి ఆట మీద ఇష్టం అప్పుడప్పుడూ పోతోందని. ఆ మాట విన్న జట్టు ఏం చేయాలి? పక్కన ఇంకో ఇద్దరు మంచి ఆటగాళ్లను తెచ్చి నిలబెట్టాలి. మనవాళ్లు జూలై 1న, 7.5 మిలియన్ల బోనస్ కట్టాల్సిన రోజున, సెయింట్ లూయిస్‌కు పంపేశారు. ఏడాది తిరక్కుండానే స్టాన్లీ కప్, దాంతో పాటు ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ.

---

బ్లూలైన్ | 2025 జూలై 19

ఓరైలీ ట్రేడ్‌లో టేజ్ థాంప్సన్ వచ్చాడు, అది కూడా చెప్పండి. మొదటి మూడేళ్లు అందరూ అతన్ని విఫలమైన వింగర్ అన్నారు. కోచ్ గ్రనాటో సెంటర్‌గా మార్చాక 38, తర్వాత 47, పోయిన సీజన్‌లో 44 గోల్స్. ఏడాదికి 7.14 మిలియన్లకు. ఈ రోజున లీగ్‌లో ఇంతకంటే చవకైన గోల్ స్కోరర్లు ఎంతమంది ఉన్నారు?

ఐకెల్ ట్రేడ్‌లోనే టక్ వచ్చాడు. మనం ఇప్పుడు కాపాడుకోవాలని గొంతు చించుకుంటున్న ఇద్దరూ ఆ 'చెడ్డ' ట్రేడ్‌ల నుంచి వచ్చినవాళ్లే.

---

నీలి_కత్తి | 2025 జూలై 19

అవును. నా వాదనకు అదే బలం. థాంప్సన్ 2018లో వచ్చాడు, చేతికొచ్చింది 2021-22లో. ఆ మధ్యలో రైన్‌హార్ట్, ఐకెల్ ఇద్దరికీ ఓపిక అయిపోయింది. ఓరైలీ, ఐకెల్, రైన్‌హార్ట్, ఈ థాంప్సన్, పైన డాలీన్: వీళ్లంతా ఒకే సీజన్‌లో ఒకే జెర్సీలో ఆడితే ఎలా ఉండేదో ఊహించుకోండి. అందరూ మనవాళ్లే. ఒకే కాలంలో మాత్రం ఎప్పుడూ లేరు.

గోలీలను కూడా కలపండి. 2021లో ఉల్మార్క్‌ను ఫ్రీ ఏజెంట్‌గా వదిలేశాం. బాస్టన్ వెళ్లి 2023లో వెజినా గెలిచాడు. 2022-23లో మనకు 91 పాయింట్లు వచ్చాయి, ఫ్లోరిడాకు 92. ఒక్క పాయింట్‌తో మనం బయట, వాళ్లు లోపల. వాళ్లు ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్లారు. ఆ సీజన్‌లో మన గోల్‌పోస్ట్ ముందు స్థిరంగా నిలబడే ఒక్క మనిషి ఉండుంటే చాలు.

---

క్యూఈడబ్ల్యూ_యాత్రికుడు | 2025 జూలై 20

టొరంటో వైపు నుంచి ఒక మాట, గొడవ పెట్టడానికి కాదు. మేం తొమ్మిదేళ్లుగా వరుసగా ప్లేఆఫ్స్‌కు వెళ్తున్నాం. అయినా ఈ వేసవిలో మిచ్ మార్నర్ వేగస్ వెళ్లిపోయాడు. ఎనిమిదేళ్లు, ఏడాదికి 12 మిలియన్లు. మాకు దక్కింది నికొలా రువా ఒక్కడే. గెలిస్తే అందరూ ఉంటారనేది కూడా పూర్తిగా నిజం కాదు.

పన్ను సంగతి కూడా ఉంది. వేగస్‌లో, ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. మీ జనరల్ మేనేజర్ కెవిన్ ఆడమ్స్ పోయిన డిసెంబర్‌లో 'మా ఊళ్లో తాటిచెట్లు లేవు, పన్నులున్నాయి' అని అన్నప్పుడు అందరూ విరుచుకుపడ్డారు. మాట తీరు బాగాలేకపోవచ్చు, విషయం అబద్ధం కాదు.

---

హాషెక్39 | 2025 జూలై 20

నాయనా, విషయం అబద్ధం కాదు, కానీ ఆ మాట అనాల్సింది అభిమాని, జనరల్ మేనేజర్ కాదు. 2006లో కూడా మన ఊళ్లో తాటిచెట్లు లేవు. అప్పుడు కోచ్ లిండీ రఫ్ జట్టులో ఆడటానికి కుర్రాళ్లు పోటీపడేవాళ్లు. విన్నిపెగ్ మనకంటే చలి ఊరు. హెల్లబక్, షైఫిలీ ఇద్దరూ ఒకే రోజు ఏడేళ్ల చొప్పున అక్కడే సంతకం పెట్టారు. పోయిన సీజన్‌లో వాళ్లు లీగ్‌లోనే మొదటి స్థానం.

యజమాని పెగ్యులా 2011లో వచ్చాడు. అప్పటి నుంచి నలుగురు జనరల్ మేనేజర్లను చూశాం. రఫ్ వెళ్లి, ఆరుగురు కోచ్‌లు మారి, మళ్లీ రఫే వచ్చాడు. వచ్చిన ప్రతివాడూ ముందువాడు కట్టినదాన్ని కూల్చి మళ్లీ పునాది తవ్వుతాడు. ఆటగాళ్లు చూసి భయపడేది దీన్ని.

---

కొత్త_అభిమాని | 2025 జూలై 20

కజన్స్ ట్రేడ్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నాకు బాగా నచ్చిన ఆటగాడు. బదులుగా వచ్చిన నోరిస్ ఎలాంటివాడు?

---

మూడో_లైన్ | 2025 జూలై 20

ఆరోగ్యంగా ఉంటే చాలా మంచి సెంటర్. 2021-22లో ఒట్టావాకు 35 గోల్స్ చేశాడు. షాట్ వేగం, ఫేసాఫ్‌లు (ఆట మొదలయ్యేటప్పుడు పక్ కోసం పోటీ) రెండూ కజన్స్ కంటే మెరుగు. కానీ భుజానికి పదే పదే ఆపరేషన్లు అయ్యాయి. మన దగ్గరికి వచ్చాక మూడే మ్యాచ్‌లు ఆడాడు. 2030 దాకా ఏడాదికి 7.95 మిలియన్లు. అటువైపు కజన్స్ అప్పుడే ప్లేఆఫ్స్ ఆడేశాడు. ఏడాది గడిచాక గానీ దీని లెక్క తేలదు, నేనైతే కజన్స్‌ను ఇచ్చేవాణ్ని కాదు. 24 ఏళ్లవాడిని ఒక చెడ్డ సీజన్ చూసి పంపేశారు.

---

బ్లూలైన్ | 2025 జూలై 21

మళ్లీ టక్ దగ్గరికి వద్దాం. నీలి_కత్తి అన్నా, ఎంతిస్తారు, ఎన్నేళ్లు ఇస్తారు? అంకె చెప్పకుండా 'ఇప్పుడే సంతకం' అంటే సరిపోదు.

---

నీలి_కత్తి | 2025 జూలై 21

చెబుతాను. అతను సిరక్యూజ్ దగ్గర పెరిగాడు, చిన్నప్పటి నుంచి సేబర్స్ అభిమాని. ఇక్కడికి ట్రేడ్ అయినప్పుడు సంతోషపడ్డ ఆటగాడు ఈ పద్నాలుగేళ్లలో ఇతనొక్కడే గుర్తున్నాడు నాకు. పోయిన సీజన్‌లో 36 గోల్స్, పెనాల్టీ కిల్‌లో కూడా ముందు నిలబడ్డాడు. ఇన్నాళ్లూ 4.75 మిలియన్లకే ఆడాడు. ఊరి మీద ప్రేమ ఉంది కదా అని తక్కువకు బేరమాడటం మొదలుపెడితే అదే అవమానం అవుతుంది. స్కిన్నర్ సంగతి మూడో_లైన్ అన్న చెప్పింది గుర్తుంది, అందుకే ఎనిమిదేళ్లు అనను. ఏడేళ్లు, ఏడాదికి 9 మిలియన్లు. మొదటి నాలుగేళ్లు నో-ట్రేడ్ క్లాజ్‌తో (అతను ఒప్పుకోకుండా వేరే జట్టుకు ఇవ్వకూడదన్న షరతుతో) సహా. క్యాప్ ఏటా పెరుగుతోంది, చివరి రెండేళ్ల భారం మోయగలం.

---

మూడో_లైన్ | 2025 జూలై 21

ఆరేళ్లు, 9.5. ఏడాది తగ్గించి డబ్బు పెంచండి. నేను అంతదాకా వస్తాను.

---

హాషెక్39 | 2025 జూలై 21

లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన కొత్త ఒప్పందం ప్రకారం 2026 సెప్టెంబర్ నుంచి సొంత ఆటగాడికి కూడా ఏడేళ్లే గరిష్ఠం. ఎనిమిదో ఏడాది ఇవ్వగలిగేది అప్పటిదాకానే. మనకు మాత్రమే ఉన్న ఈ వెసులుబాటును వాడుకోమంటాను నేను. ఎనిమిదేళ్లు, 8.25. శిక్షణ శిబిరం తెరిచేలోపు అయిపోవాలి. డ్రూరీ, బ్రియేర్ విషయంలో వేళకు తేల్చలేదు.